ఇంటి రీఫ్ ట్యాంకులో అనిమోన్ కుదురుకోవాలంటే: గోదావరి జిల్లాల వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

గోదావరి జిల్లాల్లో ఉప్పునీటి ట్యాంకులు పెట్టుకునేవాళ్ళు ఇప్పుడు తక్కువేం కాదు. రొయ్యల మీద బతికే ప్రాంతం కాబట్టి సెలినిటీ (నీళ్ళలో ఉప్పు పాళ్ళు), ఆల్కలినిటీ (పీహెచ్ ఊగిపోకుండా ఆపే గుణం), అమ్మోనియా లాంటి మాటలు మనకి చిన్నప్పట్నుంచి చెవిన పడుతూనే ఉంటాయి, అందుకే ట్యాంకు పెట్టి చేపలు నిలబెట్టేదాకా చాలామంది బాగానే లాక్కొస్తారు. రాతికి అంటుకుని పువ్వులా విచ్చుకునే సముద్రజీవి అనిమోన్ దగ్గరికొచ్చేసరికి మాత్రం భీమవరం వాళ్ళయినా, అమలాపురం వాళ్ళయినా, కాకినాడ వాళ్ళయినా అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. అసలు సంగతి ముందే చెప్పేస్తానండి. అనిమోన్‌ని ఫలానా చోట కూర్చోబెట్టడం మన చేతిలో లేదు, చోటు అదే చూసుకుంటుంది. అది రాకముందు నీళ్ళు కుదుటపరచడం, వచ్చాక చెయ్యి పెట్టకుండా ఆగడం, ఈ రెండే మన పని. కింద రాసిందంతా ఈ రెండింటి గురించే.

ట్యాంకు పెట్టి నెల దాటింది, అమ్మోనియా సున్నా, నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఇప్పుడే అనిమోన్ తెచ్చుకోవచ్చా?

వద్దు. కనీసం 6 నెలలు ఆగండి, ఇంకాస్త ఆగితే ఇంకా మంచిది. అమ్మోనియాని నైట్రైట్‌గా, నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా తయారవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది, అది అయితే చేపలు బతుకుతాయి. అనిమోన్‌కి అది చాలదు. కొత్త ట్యాంకులో ఆల్కలినిటీ ఒక వారం పడిపోతుంది, ఇంకో వారం ఫాస్ఫేట్ పెరుగుతుంది, గోధుమరంగు నాచు వస్తుంది పోతుంది, ఈ ఒడిదుడుకులు చేప తట్టుకున్నట్టు అనిమోన్ తట్టుకోదు. చెరువు ఎండబెట్టి నీళ్ళు పెట్టిన మర్నాడే సీడ్ (రొయ్యపిల్లలు) వదలరు కదా, ముందు నీళ్ళకి రంగు రానిస్తారు, ఇదీ అంతే. పైగా ఈ 6 నెలల్లో మీకూ చెయ్యి తిరుగుతుంది: నీళ్ళు ఎంత ఆవిరవుతున్నాయి, కరెంటు పోతే ఏమవుతోంది, ఎండాకాలంలో వేడి ఎక్కడిదాకా పోతోంది, ఇవన్నీ తెలిసొస్తాయి.

ఏ రకం తెచ్చుకోవాలి?

మొదటిసారి అయితే బబుల్ టిప్ ఒక్కటే చెబుతాను, శాస్త్రీయనామం ఎంటాక్మియా క్వాడ్రికలర్. ట్యాంకుల్లో చీలి పిల్లలు పెట్టే రకం ఇది, అంటే మీకు దొరికేది మరొకరి ట్యాంకులో పెరిగి మన లైట్లకి, మన ఉప్పుకి అలవాటు పడినది అయ్యే అవకాశం ఉంది. క్లౌన్ చేపలకి ఇల్లయ్యే అనిమోన్ రకాలు మొత్తం 10 ఉన్నాయి. వాటిలో మాగ్నిఫికా, గిగాంటియా చూడ్డానికి అద్భుతంగా ఉంటాయి, కొత్తవాళ్ళ చేతిలో అంత తొందరగానూ పోతాయి. హడ్డోనీ కార్పెట్ ఇసుకలో కూర్చుంటుంది, చాలా పెద్దదవుతుంది, పక్కనుంచి పోయే చేపల్ని పట్టి మింగేస్తుంది. వీటిలో చాలావరకు సముద్రంలోంచి ఊడదీసి తెచ్చినవే, అందుకే అనుభవం లేకుండా కొనడం నాకు ససేమిరా ఇష్టం ఉండదు. బబుల్ టిప్‌కి కూడా ట్యాంకు కనీసం 150 లీటర్లు ఉండాలి. ఇంతకంటే చిన్న ట్యాంకులో నీళ్ళు పూటకోలా మారిపోతాయి.

క్లౌన్ చేప లేకపోతే అనిమోన్ బతకదా? మా చేప దాని వంకే చూడట్లేదు.

చేప లేకుండా అనిమోన్ హాయిగా బతుకుతుంది, అనిమోన్ లేకుండా ట్యాంకులో చేపా బతుకుతుంది. సముద్రంలో ఒసెల్లారిస్ రకం క్లౌన్ చేప మాగ్నిఫికా, గిగాంటియా, మెర్టెన్సీ అనిమోన్‌లలో ఉంటుంది, బబుల్ టిప్‌లో ఉండదు. ట్యాంకుల్లో మాత్రం చాలా ఒసెల్లారిస్‌లు బబుల్ టిప్‌లోకి వెళ్ళిపోతాయి. కొన్ని ఒక్కరోజులో వెళ్తాయి, కొన్ని ఏడాదికి, కొన్ని ఎప్పటికీ వెళ్ళవు. మరూన్ క్లౌన్‌కి సహజమైన ఇల్లు బబుల్ టిప్ ఒక్కటే, క్లార్కీ అయితే పదింటిలో దేంట్లోకైనా పోతుంది. ఒక జాగ్రత్త: కొత్తగా వచ్చిన అనిమోన్ ఇంకా పాదం (అడుగున రాతికి అతుక్కునే భాగం) పట్టకముందే పెద్ద క్లౌన్ ఎగబడి దాంట్లో దొర్లితే అది విసిగిపోయి ముడుచుకుపోతుంది. మీ చేప అలాంటి దూకుడుదైతే మొదటి వారం రెండింటి మధ్య జాలీ పెట్టండి.

సముద్రం ఇంత దగ్గర్లో పెట్టుకుని ఉప్పు కొని కలపడం దేనికండీ? అంతర్వేది నుంచి డ్రమ్ముల్లో తెచ్చుకోకూడదా?

ఎక్కువమంది అడిగేది ఇదే. అడగడంలో తప్పులేదు. కానీ మన తీరం నదీముఖం. అంతర్వేది దగ్గర వశిష్ట, యానాం వైపు గౌతమి కలుస్తాయి, మధ్యలో వైనతేయ. జూలై నుంచి వరద మొదలైతే ఎర్రనీళ్ళు తీరం పొడవునా తేరుకోకుండా ఉంటాయి, ఆ నెలల్లో ఒడ్డున తీసిన నీళ్ళ సెలినిటీ రీఫ్‌కి కావల్సిన 35 పీపీటీకి (వెయ్యి పాళ్ళ నీళ్ళలో 35 పాళ్ళ ఉప్పు) చాలా కింద ఉంటుంది. ఎండాకాలంలో సెలినిటీ పెరుగుతుంది, అయినా నీళ్ళలో సన్నటి ఒండ్రు, పొలాల నుంచి డ్రెయిన్లలో కొట్టుకొచ్చిన ఎరువులు, పురుగుమందులు, చెరువుల నుంచి వదిలిన నీళ్ళు ఉంటాయి. కాకినాడలో అయితే ఓడరేవు కూడా ఉంది. ఒడ్డున తెచ్చిన నీళ్ళు ఏ నెల ఎలా ఉంటాయో చెప్పలేం, అనిమోన్‌కి కావల్సింది నెలనెలా ఒకేలా ఉండే నీళ్ళు.

ఉప్పాడ వైపు హేచరీల్లో తెలిసినవాళ్ళున్నారు, ఫిల్టర్ చేసిన నీళ్ళు ఇస్తామన్నారు అంటారు కొందరు. హేచరీ వాళ్ళు క్లోరిన్ పెట్టి, దాన్ని విరిచి, రొయ్యపిల్లకి తగ్గట్టు తయారు చేసుకున్న నీళ్ళవి. మొహమాటపడకుండా దాంట్లో ఏమేం కలిపారో అడగండి, సెలినిటీ మీరే కొలుచుకోండి, క్లోరిన్ టెస్ట్ చెయ్యండి. నన్నడిగితే మాత్రం రీఫ్ సాల్ట్ డబ్బా కొనుక్కోవడమే మేలు.

పోనీ కల్లుప్పు కలిపితే? ఉప్పు ఉప్పే కదా.

కాదండి. ఉప్పు మడిలో సముద్రపు నీళ్ళు ఎండుతుంటే ముందు కాల్షియం జిప్సంగా అడుక్కి దిగిపోతుంది, తర్వాత మనం తినే ఉప్పు గడ్డకడుతుంది, మెగ్నీషియం మిగిలిన చేదునీళ్ళలో ఉండిపోతుంది, ఆ నీళ్ళు పారబోస్తారు. అంటే కల్లుప్పులో మిగిలేది దాదాపు సోడియం క్లోరైడ్ ఒక్కటే. రీఫ్ సాల్ట్‌లో కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం, కార్బొనేట్ అన్నీ లెక్క ప్రకారం ఉంటాయి. లీటరుకి సుమారు 35 నుంచి 38 గ్రాములు పడుతుంది, అంటే 100 లీటర్లకి మూడున్నర కిలోల పైమాటే. ట్యాంకులో ఎప్పుడూ నేరుగా ఉప్పు పొయ్యకండి. వేరే డ్రమ్ములో కలిపి, పంపు పెట్టి తిప్పి, సెలినిటీ, వేడి రెండూ ట్యాంకుతో కలిశాకే మార్చండి.

ఉప్పు కలపడానికి మంచినీళ్ళు ఏవి వాడాలి?

ఆర్వో పట్టి, దాని తర్వాత మిగిలిన లవణాల్ని కూడా పీల్చేసే డీఐ రెజిన్ గుండా పోయిన నీళ్ళు. టీడీఎస్ (నీళ్ళలో కరిగి ఉన్న లవణాల కొలత) సున్నా చూపించాలి. వాటర్ ప్లాంట్ క్యాన్లలో టీడీఎస్ సున్నా ఉండదు, రుచి కోసం కొంత మిగులుస్తారు లేదా ఖనిజాలు కలుపుతారు. కుళాయి నీళ్ళు అసలే వద్దు. వేసవిలో కాలువలు కట్టేశాక ఊరి చెరువులో నిల్వ ఉన్న నీళ్ళే క్లోరిన్ పెట్టి వదులుతారు, అప్పుడు నీళ్ళ తీరే మారిపోతుంది. బోరు నీళ్ళు తీరప్రాంతంలో ఎలా ఉంటాయో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఇంకొకటి, ఇది మన ఇళ్ళలోనే జరుగుతుంది. ఆర్వో నీళ్ళు పట్టి రాగి బిందెలోనో ఇత్తడి గంగాళంలోనో నిల్వ పెడతారు, ఒంటికి మంచిదని. మనకి మంచిదేమో గానీ అనిమోన్‌కి రాగి విషం. ఇత్తడిలోనూ ఉండేది రాగే. ఆహారానికి పనికొచ్చే ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి ట్యాంకు కోసమే విడిగా పెట్టుకోండి, ఇంట్లో అందరికీ ఆ మాట గట్టిగా చెప్పండి.

నీళ్ళు రొయ్యల ల్యాబ్‌లో టెస్ట్ చేయించవచ్చా? రిపోర్టులో అంకెలు వేరేగా వస్తున్నాయి.

చేయించవచ్చు, మన అదృష్టం అది, భీమవరం చుట్టుపక్కల నీళ్ళు చూసే ల్యాబ్‌లకి కొదవలేదు. అంకెలు వేరేగా కనిపించడానికి కారణం కొలత. చెరువు ల్యాబ్‌లు ఆల్కలినిటీని పీపీఎంలో (లీటరుకి మిల్లీగ్రాములు) ఇస్తాయి, ట్యాంకు వాళ్ళు డీకేహెచ్‌లో మాట్లాడతారు. 1 డీకేహెచ్ అంటే దాదాపు 17.9 పీపీఎం. కాబట్టి రిపోర్టులో 150 అని ఉంటే అది సుమారు 8.4 డీకేహెచ్, చక్కగా ఉన్నట్టు. ఇచ్చేముందు ఇవి రీఫ్ ట్యాంకు నీళ్ళు, సెలినిటీ 35 అని చెప్పండి.

మీ నీళ్ళు ఉండాల్సిన తీరు ఇది: వేడి 25, 26 డిగ్రీలు, సెలినిటీ 35 పీపీటీ, ఆల్కలినిటీ 8 నుంచి 9 డీకేహెచ్, కాల్షియం 400 నుంచి 450 పీపీఎం, మెగ్నీషియం 1250 నుంచి 1350 పీపీఎం, పీహెచ్ 8 పైన, అమ్మోనియా, నైట్రైట్ సున్నా. నైట్రేట్ సున్నా చెయ్యాలని తాపత్రయపడకండి, 5 నుంచి 15 పీపీఎం మధ్య ఉంటే బాగు. ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం దాకా పర్వాలేదు. ఆల్కలినిటీ 8 ఉందా 9 ఉందా అని కొట్టుకోవద్దు, ఇవాళ 8 ఉన్నది ఎల్లుండికి 10 అవ్వకుండా చూసుకోండి. చెరువు దగ్గర సెలినిటీ కొలవడానికి వాడే రిఫ్రాక్టోమీటర్ పనికొస్తుంది, కాకపోతే మంచినీళ్ళతో సున్నా పెట్టి వదిలెయ్యకుండా 35 పీపీటీ ద్రావణంతో సరిచూసుకోండి. చెరువులో రెండు పీపీటీ తేడా వచ్చినా నడిచిపోతుంది, ఇక్కడ నడవదు.

లైటు ఎంత కావాలి?

బాగా కావాలి. అనిమోన్ ఒంట్లో జూజాంథెల్లే అనే సూక్ష్మమైన ఆల్గే ఉంటుంది, అది వెలుతుర్లో తయారుచేసే తిండిలో ఎక్కువ భాగం అనిమోన్‌కే పోతుంది. మామూలు ట్యూబులైటు, చేపల ట్యాంకు మూతలో వచ్చే ఎల్ఈడీ సరిపోవు, రీఫ్ లైటే కావాలి. బబుల్ టిప్‌కి 150 నుంచి 300 పార్ (ఆల్గే వాడుకోగల వెలుతురు కొలత) మధ్య బాగుంటుంది. కొత్తది వచ్చినప్పుడు లైటు సగానికి తగ్గించి, రెండు మూడు వారాల్లో కొంచెం కొంచెం పెంచండి. ప్రయాణంలో చీకట్లో పడి వచ్చిన దాని మీద ఒక్కసారిగా పూర్తి లైటు కొడితే ఆ ఆల్గేని బయటికి కక్కేసి తెల్లబడుతుంది.

కొట్లో మంచిది ఏదో ఎలా తెలుసుకోవాలి?

తొందరపడకుండా నిలబడి చూడండి. నోరు బిగుతుగా మూసుకుని ఉండాలి. నోరు తెరుచుకుని లోపలి భాగం బయటికి వేలాడుతుంటే వద్దు. పాదం గాజునో రాయినో గట్టిగా పట్టుకుని ఉండాలి, పాదానికి చిరుగు ఉంటే ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు. గోధుమ, ఆకుపచ్చ, ఎరుపు, ఏ రంగైనా అది నిండుగా ఉండాలి, పాలిపోయి తెల్లగా ఉన్నదంటే లోపలి ఆల్గే పోయిందన్నమాట. నిమ్మపండు పసుపు, గులాబీ, నీలం రంగుల్లో ఒళ్ళంతా ఒకేలా మెరిసేవాటికి కొన్నిసార్లు రంగు వేసి అమ్ముతారు, వాటి జోలికి పోకండి.

చిన్న రాయి మీద కూర్చున్నది దొరికితే రాయితో సహా తీసుకోండి, ఊడదీసే బాధే ఉండదు. చెన్నై, ముంబై, కోల్‌కతా నుంచి తెప్పించుకునేవాళ్ళు కార్తీకం నుంచి మాఘం దాకా చల్లటి రోజుల్లో తెప్పించుకోండి. రోహిణి కార్తెలో బస్సు డిక్కీలో వచ్చిన సంచిలోని నీళ్ళు చేత్తో పట్టుకుంటేనే వేడిగా తగులుతాయి, అందులోంచి వచ్చిన జీవి మీద ఆశ పెట్టుకోలేం.

ఇంటికి తెచ్చిన రోజు ఏం చెయ్యాలి?

సంచి తెరవకుండా 15, 20 నిమిషాలు ట్యాంకు నీళ్ళలో తేలనివ్వండి, లైట్లు ఆపేసి. తర్వాత అనిమోన్‌ని సంచి నీళ్ళతో సహా శుభ్రమైన బకెట్లోకి వంపి, సన్న ఎయిర్ పైపుకి ముడివేసి సైఫన్‌తో సెకనుకి రెండు మూడు చుక్కలు పడేలా ట్యాంకు నీళ్ళు దించండి. 45 నిమిషాల నుంచి గంట. బకెట్లో సెలినిటీ, ట్యాంకులో సెలినిటీ కలిశాయో లేదో కొలిచి చూడండి, గడియారం చూసి కాదు. సంచి నీళ్ళు ట్యాంకులో పొయ్యొద్దు.

టెంటకిల్స్ (పైన వేళ్ళలా ఊగే తీగలు) పట్టుకుని ఎత్తకండి, అడుగున అరచెయ్యి పెట్టి ఎత్తండి. అది బకెట్‌కే అతుక్కుపోతే పాత ఏటీఎం కార్డులాంటి పల్చటి ప్లాస్టిక్ అంచు పాదం కిందికి మెల్లిగా జొనిపి, ఒక పక్కనుంచి విడిపిస్తూ రండి, ఊడకపోతే రెండు నిమిషాలు ఆగి మళ్ళీ మొదలుపెట్టండి. బలవంతంగా లాగితే పాదం చిరుగుతుంది. చాలా అనిమోన్‌లు పోయేది ఆ చిరుగుతోనే.

ట్యాంకులో పంపులన్నీ ఆపి, రాళ్ళ మధ్య లోతైన సందు ఒకటి ముందే చూసి ఉంచుకుని, దాని పక్కన పెట్టండి. బబుల్ టిప్‌కి పాదం చీకట్లో, తల వెలుతుర్లో ఉండాలి. ఇప్పుడు దగ్గరగా చూస్తూ ఉంటే పాదం అంచు తెల్లటి అట్టులా పల్చబడి రాయి గరుకుని తడుముతూ కొంచెం కొంచెం పరుచుకోవడం కనిపిస్తుంది, ముందు ఒక పక్క అంటుకుంటుంది, తర్వాత రెండో పక్కా అంటుకుని ఒళ్ళంతా ఒక్కసారి సందులోకి దిగుతుంది. గంటసేపు ఆగి పంపులు తక్కువ మీద వెయ్యండి. ఆ రోజుకి ఇంక ట్యాంకులో చెయ్యి పెట్టకండి, తిండి వెయ్యకండి, ఫోటోల కోసం లైటు పెంచకండి.

రాత్రికి రాత్రే లేచిపోయి ట్యాంకు వెనక్కి వెళ్ళిపోయింది. తీసి ముందుకి పెట్టనా?

తియ్యొద్దు. అది నడుస్తోందంటే ఉన్నచోట వెలుతురో, ప్రవాహమో, పాదానికి పట్టో నచ్చలేదు. మీరు తీసి పెట్టిన ప్రతిసారీ మళ్ళీ మొదట్నుంచి వెతుక్కోవాలి, పాదం కూడా దెబ్బతింటుంది. మొదటి వారం రెండు వారాలు తిరుగుతుంది, తర్వాత చాలావరకు ఒక చోట స్థిరపడుతుంది. కుదురుకున్న అనిమోన్ నెలల తర్వాత ఉన్నట్టుండి బయల్దేరిందంటే మాత్రం వెంటనే నీళ్ళు టెస్ట్ చెయ్యండి, ఏదో మారింది.

అది తిరిగే రోజుల్లో అసలు ప్రమాదం పంపులు. నీళ్ళలో అలలు పుట్టించే పంపు, అంటే వేవ్‌మేకర్, లోపలికి పీల్చుకుందంటే అనిమోన్ ముక్కలైపోతుంది, దాని విషం ట్యాంకంతా పరుచుకుని చేపలూ పోతాయి. తెచ్చేముందే ప్రతి పంపుకీ స్పాంజి గార్డో, సన్నటి ప్లాస్టిక్ జాలీనో తొడగండి, నీళ్ళు పొర్లిపోయే ఓవర్‌ఫ్లో పళ్ళకీ, హీటరుకీ కూడా. స్పాంజిని రెండు మూడు రోజులకోసారి కడగండి, లేకపోతే పంపు ఊపిరాడక ప్రవాహం తగ్గుతుంది. ముందు గార్డు, తర్వాతే అనిమోన్.

ఇవాళ ముడుచుకుని నిమ్మకాయంత అయిపోయింది. చచ్చిపోయిందా?

ముడుచుకోవడం ఒక్కటే చూసి టెన్షన్ పడకండి. లోపలి నీళ్ళు వదిలేసి కొత్త నీళ్ళు నింపుకోవడం దానికి రోజువారీ పని. గోధుమరంగు దారాల్లాంటిది నోట్లోంచి వదులుతుంది, అది మలం, దాంతోపాటు కొంత పాత ఆల్గే. కొత్తగా వచ్చినప్పుడు రోజుకి రెండు మూడుసార్లు ముడుచుకుని మళ్ళీ విచ్చుకోవచ్చు. విచ్చుకుంటోంది కదా, అదే చూడండి.

బబుల్ టిప్‌కి చివర బుడగలు పోయి టెంటకిల్స్ పొడుగ్గా సాగాయని కంగారుపడేవాళ్ళూ ఉన్నారు, అది జబ్బు కాదు.

భయపడాల్సినవి వేరే ఉన్నాయి. రోజంతా నోరు తెరుచుకునే ఉండటం, పాదం దేన్నీ పట్టుకోకుండా ప్రవాహంలో దొర్లడం, టెంటకిల్స్ వేలికి అంటుకోకపోవడం, ఒళ్ళు జారుడుగా పొరలు పొరలుగా కరిగిపోవడం, అన్నిటికన్నా ముఖ్యంగా వాసన. చచ్చిన అనిమోన్ వాసన ఒకసారి చూస్తే మర్చిపోరు. కరగడం మొదలైందని తెలిస్తే ఇంకో రాత్రి చూద్దాం అనుకోవద్దు, వెంటనే తీసెయ్యండి, కరిగినదాన్ని సైఫన్‌తో లాగండి, సగం దాకా నీళ్ళు మార్చండి, కొత్త యాక్టివేటెడ్ కార్బన్ వెయ్యండి, ఎయిర్ పెంచండి, అమ్మోనియా కొలవండి.

తిండి ఏం పెట్టాలి? మా బాబాయికి వనామీ చెరువుంది, రొయ్యలు బోలెడు.

మొదటి వారం ఏమీ పెట్టొద్దు. వారం దాటి, పాదం పట్టి, నోరు బిగించి, బాగా విచ్చుకున్నాక బఠాణీ గింజంత ముక్క ఒకటి పెట్టండి, వారానికి ఒకసారి చాలు. పెద్ద ముక్క పెడితే మింగినట్టే మింగి మర్నాడు సగం కుళ్ళినది కక్కేస్తుంది, ఆ కక్కడానికే దాని శక్తి పోతుంది. మంచి లైటు కింద ఉన్న బబుల్ టిప్‌కి క్లౌన్ చేప తెచ్చిపెట్టేది, చేపల వ్యర్థాలు కూడా ఉపయోగపడతాయి.

ఇక చెరువు రొయ్య సంగతి. అనిమోన్‌కి రొయ్య ముక్క మంచి ఆహారమే. కానీ మీ ట్యాంకులో క్లీనర్ ష్రింప్, సన్యాసి పీతలు లాంటివి ఉంటే చెరువు రొయ్య పచ్చిది వెయ్యొద్దని నా గట్టి మాట. రొయ్యల వైట్ స్పాట్ వైరస్ రొయ్యజాతికీ పీతలకీ విస్తృతంగా సోకుతుంది, ఫ్రీజర్‌లో పెడితే చావదు. అనిమోన్‌కి అది ఏమీ చెయ్యదు గానీ పక్కనున్న ష్రింప్‌లు పోతాయి. దానిబదులు సముద్రపు చేప వాడండి, వంజరం, చందువా లాంటివి, లేదా స్క్విడ్. ఉప్పు, పసుపు, నిమ్మకాయ తగలనిది, మంచినీళ్ళలో కడిగి, సన్నగా కోసి, ఫ్రీజ్ చేసి, కరిగించి పెట్టండి. కానాగంతలు నూనె చేప, నీళ్ళ మీద తెట్టు కడుతుంది.

ఇదే జాగ్రత్త తిరగేసి కూడా ఉంది. ట్యాంకు నీళ్ళు, ట్యాంకులో చచ్చినవి చెరువు కాలువలోనో చెరువులోనో పారెయ్యకండి. చెరువు దగ్గర వాడిన వల, బకెట్ ట్యాంకులో ముంచకండి.

మే నెలలో ఏం చెయ్యాలి? కరెంటు కూడా పోతుంది.

ఫ్యాన్ నీళ్ళ మీదికి తిప్పితే ఆవిరై రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, రాజమండ్రి పొడి ఎండలో బాగానే పనిచేస్తుంది. తీరం దగ్గర, కోనసీమలో, గాల్లోనే అంత తేమ ఉంటే ఆవిరయ్యేది తక్కువ, ఫ్యాన్ ప్రభావమూ తక్కువ. మన డెల్టాలో అనిమోన్ పెట్టాలంటే నీళ్ళు చల్లబరిచే చిల్లర్‌కో, ఏసీ గదికో డబ్బు పక్కన పెట్టుకునే మొదలుపెట్టండి. 28 దాటి రోజులకి రోజులు ఉండనివ్వొద్దు. ఐసు ముక్కలు ట్యాంకులో వెయ్యకండి, తప్పనిసరైతే బాటిల్లో గడ్డకట్టించి మూతతో సహా తేలెయ్యండి.

నీళ్ళు ఆవిరైతే ఉప్పు ఆవిరవదు, సెలినిటీ పెరుగుతుంది. తగ్గిన మేరకి మంచి ఆర్వో నీళ్ళు మాత్రమే పొయ్యాలి, ఉప్పునీళ్ళు కాదు. రోజూ గుర్తుండదు అనుకుంటే తగ్గిన నీళ్ళు తనంతట తానే పోసే ఆటో టాప్ ఆఫ్ పెట్టించుకోండి.

కరెంటు పోతే చల్లదనం కన్నా ముందు పోయేది ఆక్సిజన్. ఒక వేవ్‌మేకర్, ఒక ఎయిర్ పంపు ఇన్వర్టర్ మీద ఉండాలి. అక్టోబర్, నవంబర్ తుఫాన్లప్పుడు రెండు మూడు రోజులు కరెంటు రాకపోవడం మనకి కొత్త కాదు, బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి, కలిపి ఉంచిన ఉప్పునీళ్ళు ఒక డ్రమ్ము సీజన్ ముందే సిద్ధం చేసుకోండి.

పగడాల పక్కన పెట్టొచ్చా?

అది తగిలితే పగడం కాలిపోయినట్టవుతుంది. అనిమోన్‌కి విడిగా ఒక రాతి గుట్ట కట్టి, చుట్టూ జానెడు ఇసుక వదలండి, చాలాసార్లు ఆ గుట్ట దాటి రాదు. ఇంకో విషయం, రీఫ్ కట్టే పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, సముద్రంలోంచి తీసిన పగడం, పగడపు రాయి ఎవరైనా చాటుగా అమ్మజూపితే తీసుకోకండి. సిరామిక్ రాళ్ళు, తయారుచేసిన పొడి రాళ్ళు చాలు.

చేపలకి తెల్లమచ్చలు వచ్చాయి, ట్యాంకులో మందు వెయ్యొచ్చా?

చేపల తెల్లమచ్చ వేరు, రొయ్యల వైట్ స్పాట్ వేరు. చేపలది పరాన్నజీవి, దానికి వాడేది రాగి మందు, ఆ మందు అనిమోన్ ఉన్న ట్యాంకులో పడిందా అనిమోన్ పోయినట్టే. చేపల్ని వేరే ట్యాంకులోకి మార్చి అక్కడ వైద్యం చెయ్యండి, అసలు ట్యాంకుని రెండున్నర నెలలు చేపలు లేకుండా వదలండి, ఆ రోజుల్లో అనిమోన్ అక్కడే ఉండొచ్చు. దోమల మందు స్ప్రే ట్యాంకున్న గదిలో కొట్టకండి. పొలానికి మందు కొట్టి వచ్చిన చేతులు మోచేతుల దాకా కడిగి ఆరాకే నీళ్ళలో పెట్టండి, చేతికి సబ్బు, నూనె కూడా ఉండకూడదు.

నిన్న ఒకటి, ఇవాళ రెండు కనిపిస్తున్నాయి!

చీలింది. బాగా తిని బలిసినా చీలుతుంది, ఏదైనా దెబ్బ తగిలి బతకడానికీ చీలుతుంది, నీళ్ళు టెస్ట్ చేసుకుంటే ఏదో తెలుస్తుంది. చీలిన చోట గాయం మూసుకుని రెండూ నోరు బిగించేదాకా కదిలించొద్దు, తిండి పెట్టొద్దు. తర్వాత ఒకటి ఇంకొకరికి ఇవ్వండి. సముద్రంలోంచి ఊడదీయాల్సిన అనిమోన్ ఒకటి తగ్గుతుంది, నాకు ఈ వ్యాపకంలో అన్నిటికన్నా సంతోషం కలిగించేది ఇదే.

మనల్ని కుడుతుందా?

బబుల్ టిప్ వేలి చర్మానికి జిగురుగా అంటుకుంటుంది అంతే, ముంజేతి లోపలి వైపు తగిలితే దద్దురు రావచ్చు. కార్పెట్ రకాలు బాగా మండుతాయి. గ్లవ్స్ వేసుకోండి, కళ్ళు నలుపుకోకండి. ఒళ్ళంతా దద్దుర్లు, ఆయాసం వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

అసలు ఎన్నాళ్ళు బతుకుతుంది?

మనం చంపకపోతే చాలా ఏళ్ళు. 1828లో జాన్ డాల్యెల్ అనే ఆయన స్కాట్లాండ్ తీరంలో పట్టుకొచ్చిన అనిమోన్ ఒకటి గాజు జాడీలో 1887 దాకా బతికింది, ఆయన పోయాక కూడా ఒకరి తర్వాత ఒకరు దాన్ని సాకారు. అది చల్లనీళ్ళ రకం, మన బబుల్ టిప్ కాదు, అయినా ఈ జీవుల ఆయుష్షు ఏపాటిదో దాన్నిబట్టి తెలుస్తుంది. అందుకే కొన్న మూడో వారానికి పోయింది, మా లక్కు బాలేదు అని ఎవరైనా అంటే నాకు మనసొప్పదు. అది ముసలిదై పోలేదు, నీళ్ళు ఇంకా సిద్ధం కాలేదు.

ఇక పెంచలేమనుకుంటే సముద్రంలో వదిలెయ్యొచ్చా?

వద్దు. మన తీరం ఒండ్రు, ఇసుక, మడ అడవి, దానికి కావల్సిన రీఫ్ ఇక్కడ లేదు. ఎక్కడినుంచో వచ్చిన జీవితో పాటు ఎక్కడివో రోగాలూ వదిలినట్టవుతుంది. నడుస్తున్న ట్యాంకు ఉన్నవాళ్ళకి ఇచ్చెయ్యండి.

వారం వారం మార్చిన ఉప్పునీళ్ళు కొబ్బరిచెట్టు మొదట్లో పొయ్యొచ్చా?

కొబ్బరి కొంత ఉప్పు తట్టుకుంటుంది, నిజమే. కానీ ప్రతి వారం 20, 30 లీటర్లు ఒకే పాదులో పోస్తూ పోతే అక్కడి నేల చౌడు బారుతుంది, అరటి, కూరపాదులైతే నెలలోపే మాడిపోతాయి. ఇంటి మురుగు కాలువలోకి వదలండి, వెంట రెండు బకెట్లు మామూలు నీళ్ళు పొయ్యండి.